పానీనీ ఎక్కడ నిలబడి గీశాడు?

విశాఖలో మేము కొందరం విశ్రాంత ఉద్యోగులం నెలకొకసారి ఎవరో ఒకరి ఇంట్లో కలుసుకొని, చదివిన పుస్తకాల గురించో చూసిన ఊళ్ల గురించో మాట్లాడుకుంటూ ఉంటాము. గత నెల మాట్లాడినవారు చరిత్ర బోధించి పదవీ విరమణ చేసిన ఒక మాష్టారు. పాత కట్టడాల మీద వచ్చిన పాత చిత్రాలను ఆధారాలుగా ఎంతవరకు స్వీకరించవచ్చునన్నది ఆయన ఎంచుకున్న విషయం. గోడమీద వేసి చూపిన బొమ్మలలో ఒకటి రోమ్ నగరంలో ఒకప్పుడు రోమన్ల గుడిగా ఉండి తరువాత చర్చిగా మారిన పాంథియన్ లోపలి దృశ్యం, ఇటలీ చిత్రకారుడు జొవాన్నీ పావొలో పానీనీ 1734 ప్రాంతంలో వేసిన తైలవర్ణ చిత్రం. దానిని చూపిస్తూ ఆయన, "ఇది చాలా అందమైన అబద్ధం. ఆ కట్టడంలో ఎక్కడ నిలబడినా మనిషి కంటికి ఈ దృశ్యం ఇలా కనిపించదు. కాబట్టి చరిత్ర విద్యార్థి దీనిని పక్కన పెట్టవలసిందే" అన్నారు.

ఆయన మొదట చెప్పిన సంగతితో నాకు పేచీ లేదు. అది నిజమే. నా అభ్యంతరమంతా "కాబట్టి" అన్న మాటతో. ఆ సాయంత్రం నా ఆలోచనలు ఒక వరుసలోకి రాక ఊరుకున్నాను. ఇంటికి వచ్చి చూస్తే అదే చిత్రం మా హాలు గోడమీద ఉంది. అప్పటి నుంచి దాని ముందు కుర్చీ వేసుకొని కూర్చొని ఆలోచించినది ఇక్కడ రాస్తున్నాను.

మా అమ్మాయి కుటుంబం వర్జీనియాలో ఉంటుంది. మేము వెళ్లినప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కు తీసుకువెళ్లింది. అక్కడ ఈ చిత్రం ముందు ఆగిపోయాను. వాళ్లు తక్కిన గదులన్నీ తిరిగి వచ్చేసరికి కూడా నేను అక్కడే నిలబడి ఉన్నాను. "నాన్నా, కాళ్లు నొప్పి పుట్టడం లేదా?" అని అడిగి, బయటికి వచ్చేటప్పుడు దాని కాగితపు ప్రతి ఒకటి కొనిపెట్టింది. దానిని చుట్టగా చుట్టి తెచ్చి, జగదాంబ సెంటరు దగ్గర ఫ్రేము కట్టించి, ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో తగిలించాను. సముద్రపు గాలికి కాగితం ఉబ్బకుండా వెనుక మందపాటి అట్ట వేయమని ఫ్రేములవాడికి మరీ మరీ చెప్పాను. ఆ అట్ట ప్రస్తావన చివర మళ్లీ వస్తుంది.

చిత్రంలో మనం ప్రధాన పూజావేదిక దగ్గర నిలబడి గుమ్మం వైపు చూస్తున్నట్టు ఉంటుంది. తెరిచిన తలుపుల గుండా ముందరి మండపపు బ్రహ్మాండమైన స్తంభాలు, వాటి వెనుక చౌకులోని కోసుగా లేచిన రాతి స్థూపం (ఒబెలిస్క్) కనిపిస్తాయి. నేల మీద రంగురాళ్ల వలయాలు, చదరాలు ఒకదాని తరువాత ఒకటి పరుచుకొని ఉంటాయి. చుట్టూ స్తంభాలు, వాటిపైన ఒక నడిపట్టె, ఆపైన లోతైన చదరపు గూళ్లతో లేచిన గుమ్మటం, దాని నడినెత్తిన గుండ్రని రంధ్రం, ఆ రంధ్రంలో మబ్బు తునకలతో నీలాకాశం. నేల నుంచి ఆకాశం దాకా అన్నీ ఒకే చూపులో ఇమిడిపోయాయి.

ఫోనులో పట్టని గుమ్మటం

నా మేనల్లుడు వాణిజ్య నౌకలలో ఇంజనీరు. ఒకసారి అతడి ఓడ రోమ్‌కు దగ్గరి రేవులో ఆగినప్పుడు పాంథియన్ చూసి రమ్మని, మా గోడమీది చిత్రానికి ఫొటో తీసి పంపి, సరిగ్గా ఇదే కోణంలో ఒక ఫొటో కావాలని అడిగాను. ఆ రాత్రి ఫోను చేశాడు. "మావయ్యా, వెనుక గోడకు వీపు ఆనించి నిలబడినా కుదరలేదు. రంధ్రం వస్తే తలుపు రాదు, తలుపు వస్తే రంధ్రం రాదు. మీ బొమ్మ వేసినాయన ఎక్కడ నిలబడ్డాడో నాకు అర్థం కాలేదు" అన్నాడు. నాలుగైదు ఫొటోలు ముక్కలుగా పంపాడు.

ఓడలు కట్టి మరమ్మతు చేసే ఒక సంస్థలో నేను 34 ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. ఇటువంటి ప్రశ్న వస్తే చేతులు ఊరుకోవు. పాంథియన్ లోపలి వృత్తం వ్యాసం సుమారు 43.3 మీటర్లు, నేల నుంచి రంధ్రం దాకా ఎత్తు కూడా అంతే. అంటే ఆ గది కడుపులో సరిగ్గా ఒక గోళం పడుతుంది. 1:200 స్కేలులో వృత్తం 21.65 సెంటీమీటర్లు వస్తుంది కనుక ఏ4 చాలదు, ఏ3 కాగితం మీద గీశాను. వెనుక గోడ దగ్గర నిలబడిన మనిషి కంటి నుంచి రంధ్రం మధ్యకు గీత లాగితే అది 60 డిగ్రీలకు కాస్త పైనే లేచింది. కింద నేలమీది రాళ్లు కూడా కనిపించాలంటే ఇంకో 25, 30 డిగ్రీలు కావాలి. మొత్తం కలిపి సుమారు 90. మామూలు ఫోను కెమెరాను నిలువుగా పట్టుకున్నా 70 డిగ్రీలకు మించి పట్టదు. దూరం, లోతు కంటికి తెలిసేలా పర్‌స్పెక్టివ్ గీసేవారికి 60 దాటగానే అంచులలో రూపాలు సాగిపోతాయన్న భయం మొదలవుతుంది. పానీనీ చిత్రంలో అంత సాగుడు లేదు. కాబట్టి అతడు కంటిని గోడకు వెనుక, కట్టడానికి అవతల, మనిషి నిలబడడానికి వీలులేని చోట ఊహించుకొని, అడ్డమొచ్చిన గోడను తీసేసి గీశాడని అనుకోవాలి.

దీనిని మాష్టారు అబద్ధమంటారు. నేను పనిచేసిన చోట దానిని సెక్షన్ అనేవాళ్లం. ఓడ కడుపులోని అరలు చూపాలంటే ఓడను నడిమికి కోసినట్టు, ఒక పక్క రేకు తీసేసినట్టు గీస్తాము. ఏ ఓడా అలా సగం తెగి నీటిమీద తేలదు. అయినా ఆ డ్రాయింగు చేతికిస్తే వెల్డరు గాని ఫిట్టరు గాని అబద్ధం గీశావని అనలేదు. అరకు అరకు మధ్య దూరం ఎంతో, నిచ్చెన ఎక్కడ దిగుతుందో, గొట్టం ఏ గోడను దాటుతుందో తెలియాలంటే మరో దారి లేదు. పానీనీ రోమ్‌లోని ఫ్రెంచ్ అకాడమీలో పర్‌స్పెక్టివ్ బోధించినవాడు. నియమం తెలియక తప్పినవాడు కాడు.

మరునాడు ఉదయం బీచ్ రోడ్డు మీద నడకలో కలిసినప్పుడు ఈ మాట మాష్టారుతో చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఆయన ఇచ్చిన జవాబు గట్టిది. "మీ సెక్షన్ మీద 'సెక్షన్' అని రాసి ఉంటుంది. ఎక్కడ కోశారో గీత గీసి చూపిస్తారు. ఈ చిత్రం మీద ఆ హెచ్చరిక ఎక్కడుంది? కంటితో చూసినట్టే ఉందే!" అన్నారు.

దీనికి నా దగ్గర సగం సమాధానమే ఉంది. ఈ చిత్రాలు కొన్నవారు చాలామంది రోమ్‌కు యాత్రగా వచ్చిన ఉత్తర ఐరోపా ధనికులు. వారు ఆ గుమ్మటం కింద నిలబడి, మెడ వెనక్కు వంచి పైకి చూసి, మళ్లీ కిందికి చూసి, చుట్టూ తిరిగి చూసినవారు. ఆ చూపులన్నీ కలిస్తే మనసులో మిగిలే గది ఎలా ఉంటుందో అది కాన్వాసు మీద ఉంది. వారికి ప్రత్యేకంగా హెచ్చరిక అక్కరలేదు. కాని రోమ్ చూడని నాబోటివాడి మాటేమిటి? మేనల్లుడి ఫొటోలు వచ్చేదాకా నేను ఆ గదిని అసలుకంటే విశాలమైనదిగా ఊహించుకున్నాను. ఆ మేరకు చిత్రం నన్ను తప్పుదారి పట్టించిందని మాష్టారు దగ్గర ఒప్పుకున్నాను. దూరాలకు, వైశాల్యానికి పానీనీని సాక్షిగా పిలవకూడదు. ఇంతవరకు ఆయనే గెలిచారు.

నడిపట్టెలో తేడా

కథ అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాసేవాడిని కాను. ముక్కలుగా వచ్చిన ఫొటోలను కంప్యూటరులో ఒకదాని పక్కన ఒకటి పెట్టి, గోడమీది చిత్రంతో పోల్చడం మొదలుపెట్టాను. నేల సరిపోయింది, స్తంభాలు సరిపోయాయి, గుమ్మటంలోని చదరపు గూళ్లు సరిపోయాయి. స్తంభాలకూ గుమ్మటానికీ మధ్య ఉన్న నడిపట్టె మాత్రం సరిపోలేదు. ఫొటోలో త్రికోణపు తలకట్టుతో పెద్ద పెద్ద కిటికీ గూళ్లు, వాటి మధ్య వెడల్పాటి పలకలు ఉన్నాయి. చిత్రంలో అక్కడ గోడకు అంటి ఉండే సన్నటి పలక స్తంభాలు దగ్గర దగ్గరగా వరుస తీరి ఉన్నాయి, కిటికీలు చిన్నవి. పొరపాటున ఒక గీత అటూ ఇటూ కావడం కాదిది, నమూనాయే వేరు.

గోడను తీసేసిన మనిషి కిటికీలను మార్చడా అని అనుకున్నాను. మాష్టారు పక్షానికి దాదాపు వెళ్లిపోయాను. అప్పుడు ఉద్యోగంలో చేరిన తొలినాళ్ల సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది.

మరమ్మతుకు వచ్చిన ఒక పాత ఓడ డ్రాయింగులను అసలు ఓడతో సరిచూసే పని నాకు అప్పగించారు. ఒక అడ్డుగోడలో నీరు చొరబడని తలుపు ఒకటి ఉన్నట్టు కాగితం మీద ఉంది. వెళ్లి చూస్తే అక్కడ నున్నటి రేకు తప్ప ఏమీ లేదు. ఎర్ర పెన్సిలుతో ఆ తలుపు చుట్టూ సున్నా చుట్టి "తప్పు" అని రాశాను. మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ అది చూసి ఏమీ అనలేదు. నన్ను వెంటబెట్టుకొని ఓడలోకి దిగి, ఆ రేకు మీది రంగును గీకించారు. నాలుగు మూలలు గుండ్రంగా తిరిగిన వెల్డింగు అతుకు బయటపడింది. తలుపును ఎప్పుడో మూసేసి రేకు అతికారు. "కాగితానికీ ఓడకూ తేడా వస్తే ముందు కాగితాన్ని తిట్టకు. ఓడ కూడా మారుతుంది" అన్నారాయన. ఆ ఎర్ర సున్నాను నేనే చెరిపాను.

అందుకని ఈసారి తొందరపడకుండా పాంథియన్ చరిత్ర చదివాను. ఆ నడిపట్టెను పోప్ 14వ బెనెడిక్ట్ కాలంలో మార్చారు. 1747 ప్రాంతంలో మొదలైన ఆ పనికి వాస్తుశిల్పిగా చెప్పేది పావొలో పోసి పేరు. రోమన్ల కాలం నుంచి నిలిచి ఉన్న పాలరాతి, ఎర్రరాతి అలంకరణను ఊడదీసి, తమ కాలపు అభిరుచికి తగిన కిటికీలను, పలకలను అమర్చారు. నడిపట్టెలోని పాత పలక స్తంభాలు కింది స్తంభాలతో ఒకే నిలువు గీతలో కలవకపోవడాన్ని అంతకుముందు పునరుజ్జీవన కాలపు వాస్తుశిల్పులు లోపంగా ఎంచారు. పదహారు శతాబ్దాలు నిలిచిన పనిని ఆ విధంగా కొద్ది కాలంలోనే తీసివేశారు. పానీనీ ఈ చిత్రం వేసినది ఆ మార్పుకు సుమారు 13 ఏళ్ల ముందు.

అంటే నేను తప్పని అనుమానించిన చోటే ఆ చిత్రం అన్నింటికంటే విలువైన సాక్ష్యం చెబుతోంది. నేడు రోమ్‌లో నిలబడినవాడికి కనిపించని పాంథియన్ అది.

ఇక్కడ మాష్టారు అడగబోయే ప్రశ్న నాకు ముందే తెలుసు: గోడను తీసేసినవాడు నడిపట్టెను కల్పించలేదని ఎలా నమ్మడం? ఒక్క సాక్షి మాట మీద ఆధారపడవలసిన పని లేదు. ఇటలీ వాస్తుశిల్పి పలాడియో 1570లో వెనిస్‌లో అచ్చువేయించిన వాస్తు గ్రంథంలో పాంథియన్‌ను కొలతలతో సహా గీసి చూపాడు. మార్పుకు ముందు గీసిన చిత్రాలు మరికొన్ని ఉన్నాయి. 1930లలో ఇటలీవారు ఆ నడిపట్టెలో ఒక చిన్న భాగాన్ని తిరిగి పాత రూపానికి తెచ్చారు. ఆ భాగానికీ మా గోడమీది చిత్రానికీ పోలిక స్పష్టంగా ఉంది. దూరాల విషయంలో స్వేచ్ఛ తీసుకున్న మనిషి అలంకరణ విషయంలో నిజాయితీగా ఉన్నాడు. అలా ఉండడానికి అతడికి వ్యాపార కారణం కూడా ఉంది. కొనేవాడు ఆ గదిని కళ్లారా చూసి వచ్చినవాడు. స్తంభాల వరుస మారితే పట్టుకుంటాడు, కన్ను నాలుగడుగులు వెనక్కు జరిగితే పట్టుకోలేడు.

మాష్టారు శాసనాలను ఎంతో గౌరవిస్తారు. ఆ గౌరవం నాకూ ఉంది. కాని ఇదే పాంథియన్ నుదుటిమీద, లూషియస్ కుమారుడైన మార్కస్ అగ్రిప్ప మూడవసారి కాన్సులుగా (రోమ్‌లో ఒక ఉన్నత పాలకపదవి) ఉన్నప్పుడు కట్టించాడని పెద్ద పెద్ద అక్షరాలతో చెక్కి ఉంది. పానీనీ కాలంలో అందరూ దానినే నమ్మారు. 19వ శతాబ్దం చివర గోడల్లోని ఇటుకల మీది ముద్రలను పరిశీలించాకనే, ఇప్పుడున్న కట్టడం అగ్రిప్పది కాదని, 2వ శతాబ్దపు తొలి భాగంలో హేడ్రియన్ చక్రవర్తి కాలానిదని తేలింది. అగ్రిప్ప కట్టించిన గుడి పోయాక కొత్తదాని మీద పాత పేరే చెక్కారు. అంతమాత్రాన ఆ శాసనాన్ని ఎవరూ పక్కన పెట్టలేదు. అది దేనికి సాక్ష్యమో, దేనికి కాదో విడదీసి చదువుకుంటున్నారు. చిత్రానికి మాత్రం ఆ మర్యాద ఎందుకు దక్కకూడదు?

కట్టడం మారిపోయి చిత్రం నిలిచిపోవడం పాంథియన్‌కే జరిగినది కాదు. రోమ్ దృశ్యాలను రాగిరేకుల మీద చెక్కి అచ్చువేసిన పిరనేసి చెక్కిన పాంథియన్ వెలుపలి దృశ్యంలో ముందరి మండపం పైన గంటలు వేలాడే గోపురాలు రెండు ఉంటాయి. నేటి ఫొటోలో ఉండవు. 17వ శతాబ్దంలో కట్టిన వాటిని 1883లో తీసేశారు. అంత దూరం ఎందుకు, విశాఖ దగ్గర బౌద్ధ శిథిలాలున్న మన తొట్లకొండనే తీసుకోండి. 1988 తరువాత తవ్వకాలు జరుగుతున్న రోజుల్లో ఆ కొండమీద కూర్చొని మహాస్తూపాన్ని ఎవరైనా గీసి ఉంటే పునాది వలయాలే గీసి ఉంటారు. తరువాత దానిని పునర్నిర్మించారు. 2019 అక్టోబరు వానలకు అందులో కొంత కూలింది. ఆ కొండ మీద వేర్వేరు కాలాలలో గీసిన మూడు బొమ్మలను నూరేళ్ల తరువాత ఎవరైనా పక్కపక్కన పెట్టి చూస్తే, ముగ్గురిలో ఇద్దరికి గీయడం రాదని తేల్చేయగలరు.

చూసిన తేదీ, గీసిన తేదీ

ఇంత చెప్పాక కూడా ఒక సందేహం నన్ను వదలలేదు. నిజానికి మాష్టారు లేవనెత్తిన అభ్యంతరాలకంటే ఇది నన్ను ఎక్కువగా బాధపెట్టింది.

పానీనీ ఈ దృశ్యాన్ని ఒక్కసారే వేయలేదు. గిరాకీ ఉన్న బొమ్మ కనుక పలుమార్లు వేశాడు. 1747 తేదీతో ఒకటి క్లీవ్‌లాండ్ మ్యూజియంలో ఉంది. ప్రతిసారీ ఈజిల్ మోసుకొని పాంథియన్‌కు వెళ్లి నేల రాళ్లు లెక్కపెట్టి ఉంటాడా? చిత్రశాలలో భద్రపరచుకున్న పాత డ్రాయింగు ఆధారంగా, మనుషులను మాత్రం మార్చి వేయడమే సహజం. అలాగైతే కాన్వాసు మీది తేదీ వేరు, కంటితో చూసిన తేదీ వేరు. 1747లో వేసిన చిత్రం 1747లో గది ఎలా ఉందో చెప్పదు, అతడు మొదటిసారి కొలిచి గీసుకున్నప్పుడు ఎలా ఉందో చెబుతుంది. మేము డ్రాయింగు మూలన టైటిల్ బ్లాకులో ఒక తేదీ వేసి ఊరుకొనేవాళ్లం కాదు. ఏ రివిజన్‌లో ఏ భాగం మారిందో, ఎవరు సరిచూశారో పక్కనే రాసేవాళ్లం. పానీనీ చిత్రాలకు ఆ రివిజన్ పట్టిక లేదు. దానిని మనమే తయారు చేసుకోవాలి, ఒక్కొక్క భాగానికి విడివిడిగా.

ఉదాహరణకు, తలుపుల గుండా కనిపించే ఆ స్థూపం. పోప్ 11వ క్లెమెంట్ దానిని 1711లో చౌకులోని ఫౌంటెన్ మీద నిలబెట్టించాడు. కాబట్టి ఆ భాగం 1711 తరువాతదే. నడిపట్టె 1747 మార్పుకు ముందుది. ఈ రెండు తేదీల మధ్య చిత్రం ఇరుకున పడింది, తన వయస్సు తానే చెప్పింది. ఈ రెండింటినీ పక్కపక్కన రాసుకున్న రోజు నాకు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను.

మనుషుల సంగతి వేరు. వారి విషయంలో మాష్టారుతో చాలావరకు ఏకీభవిస్తాను. నేల మీద గుంపులుగా మాట్లాడుకుంటున్న పెద్దమనుషులు, ప్రార్థన చేసుకొనేవారు, ఊరు చూడవచ్చినవారు, వీరంతా నాటకంలో పాత్రల మాదిరి తగిన చోట నిలబెట్టినవారే. ఆ రోజు ఆ గడియలో ఆ మనిషి అక్కడ ఉన్నాడని ఎవరూ నమ్మనక్కరలేదు. అయినా వారిని పూర్తిగా తుడిచివేయలేకపోతున్నాను. పాంథియన్ 609లోనే చర్చిగా మారింది. పానీనీ నాటికి అక్కడ పదకొండు శతాబ్దాలుగా ఆరాధన జరుగుతోంది. మొక్కుకొనేవాడూ వింత చూడవచ్చినవాడూ ఒకే కప్పు కింద ఒకరి పక్కన ఒకరు ఉండడమన్నది సింహాచలం ఎరిగినవారికి కొత్త కాదు. కప్పస్తంభాన్ని కౌగిలించుకొని కళ్లు మూసుకున్న మనిషి పక్కనే, కల్యాణ మండపం స్తంభాల మీది చెక్కడాలను వేలితో చూపిస్తూ పిల్లలకు వివరించే తండ్రి ఉంటాడు. పానీనీ మనుషులు కల్పితులు కావచ్చు. వారి మధ్య ఉన్న ఆ సంబంధం మాత్రం అతడు చూసి గీసినదేనని నా నమ్మకం. దానికి స్థూపం వంటి తేదీ ఆధారం నేను చూపలేను.

మొన్న ఆదివారం మాష్టారు మా ఇంటికి వచ్చారు. ఏ3 కాగితాన్ని, ఫొటోలను, చిత్రాన్ని వరుసగా పెట్టి చూపించాను. చాలాసేపు నడిపట్టె దగ్గరే ఆగారు. "పక్కన పెట్టాలన్న మాట వెనక్కు తీసుకుంటాను. కాని విద్యార్థి చేతికి ఇచ్చేటప్పుడు మీ కాగితం కూడా ఇవ్వాలి" అన్నారు. అది న్యాయమైన షరతు.

మేనల్లుడి ఓడ గత వారం మళ్లీ అటువైపు వెళ్లింది. ఈసారి గుమ్మటం వద్దని, నడిపట్టెలో తిరిగి పాత రూపానికి తెచ్చిన ఆ చిన్న భాగం ఎక్కడుందో వెతికి దానినొక్కదాన్నే తీయమని చెప్పాను. నిన్న రాత్రి ఫొటో వచ్చింది. ఒక పక్కన 18వ శతాబ్దపు పెద్ద కిటికీ, దాన్ని ఆనుకొని సన్నటి పలక స్తంభాలు. "మావయ్యా, నిరుడు దీని కిందే నిలబడ్డాను. చూడలేదు" అని కింద రాశాడు. చిత్రాన్ని గోడమీది నుంచి దించి, వెనుక వేయించిన అట్ట మీద కుడి మూలన మెత్తటి పెన్సిలుతో ఒక టైటిల్ బ్లాకు గీశాను. స్కేలు అన్న గడిలో "వర్తించదు" అని, చూసిన చోటు అన్న గడిలో "ప్రధాన వేదికకు వెనుక, గోడ తీసివేసి" అని, నడిపట్టె దగ్గర "1747కు ముందటి స్థితి" అని, స్థూపం దగ్గర "1711 తరువాత" అని రాశాను. మనుషులకు ఎదురుగా ఉన్న గడిని ప్రస్తుతానికి ఖాళీగా వదిలి, చిత్రాన్ని మళ్లీ గోడకు తగిలించాను.